థర్మన్ నింపిన తూటాలు

వర్జిల్ జేబులోంచి ఒక రాగి గుండు తీసి కాఫీ కప్పుల మధ్య ఠక్కున పెట్టాడు.

"ఏంటిది?" అన్నాడు థర్మన్, పాన్‌కేకు నములుతూనే.

"నీ గుండే. నా రైఫిల్ గొట్టంలో ఇరుక్కుపోయింది. పొద్దున్న గురి సరిచూసుకుందామని కొడితే టప్పుమంది, అంతే. దెబ్బ లేదు, పొగ లేదు. రెండోది కొట్టబోయి ఎందుకో ఆగాను. కొట్టుంటే నా మొహాన్ని నువ్విప్పుడు చెంచాతో ఎత్తాల్సొచ్చేది."

హోటల్లో పక్క బల్లల వాళ్లు కూడా తినడం ఆపారు. ఆ లోయలో ఇలాంటి మాట ఎవరైనా అంటే అందరికీ వినబడుతుంది. సొంతంగా తూటాలు నింపుకునే వాళ్లు ఆ చుట్టుపక్కల ఇంటికొకరు ఉంటారు. ఇంకొకడు నింపిన తూటాని నీ తుపాకీలో పెట్టకు అనేది వాళ్లందరూ పిల్లలకి మొట్టమొదట చెప్పే మాట. అన్నదమ్ములైనా సరే, పెట్టరు. థర్మన్ తూటాలు మాత్రం ఆ లెక్కలోకి రావు. నలభై ఏళ్లుగా ఆయన గరాజులో నింపి ఇచ్చినవాటిని కళ్లు మూసుకుని పేల్చారు. గట్టి మనిషి, ఆయన చెయ్యి తప్పదు అనేది వాళ్ల నమ్మకం.

థర్మన్ ఆ గుండుని వేళ్ల మధ్య పట్టుకుని కంటికి బాగా దగ్గరగా తెచ్చుకుని చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నవ్వేశాడు.

"ఇది మా కోడలి నిర్వాకం. నేర్చుకుంటోందిగా, తుపాకీ మందు పొయ్యడం మర్చిపోయుంటుంది."

పక్కనే కూర్చున్న కొరీన్‌కి తల కొట్టేసినట్టయింది. రెండు వారాలుగా ఆవిడ ఆ గరాజులో చేసిందల్లా పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాల్ని కడగడం, ఆరబెట్టడం, ప్రెస్ యంత్రం పిడి కిందికి లాగి వాటిని మళ్లీ సరైన ఆకారానికి తేవడం. మందు డబ్బా మూత కూడా ముట్టుకోలేదు. ఆ మాట చెప్పబోయి నోరు తెరిచింది. థర్మన్ ఆవిడ వైపు చూడలేదు, సిరప్ సీసా కోసం చెయ్యి చాపాడు.

"కొత్తవాళ్ల చేతికి నా తూటాలు ఇవ్వడమేంటయ్యా ముసలాయనా?" అన్నాడు వర్జిల్. కోపమంతా దిగిపోయింది, థర్మన్ తప్పు కాదని తేలిపోయాక ఇక కోపమెందుకు? "అమ్మా కొరీన్, ఇది స్కూలు బస్సు నడిపినంత తేలిక కాదు తల్లీ. బస్సులో పిల్లల్ని ఎక్కించడం మర్చిపోతావా? ఇదీ అంతే, ముందు మందు ఎక్కించాలి."

అందరూ నవ్వారు. కొరీన్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా బాగుండదని నవ్వింది.

మామగారి ట్రక్కు నడుపుతూ కొరీన్ అడిగింది. "మామయ్యా, నేను మందు ముట్టుకోలేదు కదా."

"తెలుసు."

"మరి?"

"నువ్వు కొత్తదానివి పిల్లా. తప్పు చేశావంటే నవ్వి ఊరుకుంటారు. అదే నేను చేశానంటే ఈ ఊళ్లో ఇంక నా గరాజుకి ఎవడొస్తాడు?" ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "రేపు రా, మందు పొయ్యడం నేర్పిస్తాను. సరేనా?"

లంచం అని తెలుస్తూనే ఉంది. అయినా కొరీన్ సరేనంది. కిందటేడు మొదటిసారిగా తనకంటూ ఒక రైఫిల్ కొనుక్కుంది. దానికి సరిపోయే తూటాలు మూడు ఊళ్ల కొట్లలో దొరక్క, కొత్త తుపాకీ గోడకి వేలాడుతుండగానే వేట నెలలు అయిపోయాయి. ఈసారి తన తూటాలు తనే నింపుకోవాలని పట్టుబట్టింది. మొగుడు డెల్ నేర్పించడానికి ఓపికలేదన్నాడు. ఓపిక ఉన్నది మామగారికే.

*

శుక్రవారం మధ్యాహ్నం గరాజు తలుపు తియ్యగానే నూనె, ఇత్తడి కలిసిన వాసన కొట్టింది. కొరీన్‌కి ఆ వాసన ఇష్టమే. భయం మాత్రం తగ్గలేదు. అల్మరాలో వరసగా ఉన్న మందు డబ్బాలు చూసినప్పుడల్లా పడుకున్న కుక్క పక్కనుంచి నడుస్తున్నట్టు అడుగు తేలిగ్గా వేసేది.

"ఫోను బయట పెట్టావా?"

"పెట్టాను."

"మాట్లాడకు. పాట పాడకు. తుమ్మొస్తే చెయ్యి ఆపి తుమ్ము. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా. రెండోది కనిపిస్తే నా చేత తిట్లు తింటావు. పని అయ్యాక మందు కొలిచే యంత్రం గొట్టంలో మిగిలింది మిగిలినట్టే దాని డబ్బాలో పోసెయ్యాలి. రాత్రంతా ఉంచకూడదు. ఎందుకో చెప్పు?"

"పొద్దున్నకి అది ఏ మందో మర్చిపోతాం."

"శభాష్."

ఆయన రెండు రకాల మందునీ ఒకదాని తర్వాత ఒకటి తెల్ల కాగితం మీద పోసి చూపించాడు. రైఫిల్ మందు పెన్సిల్ ముల్లుని సన్నగా తరిగినట్టు చిన్న చిన్న పుల్ల ముక్కలు. పిస్తోలు మందు రొట్టె మీద చల్లే నల్ల గసగసాల్లా గుండ్రంగా, ఇంకా సన్నగా ఉంది. రెండూ నలుపే.

"ఇది నిదానంగా కాలుతుంది," పుల్లల్ని చూపిస్తూ అన్నాడు. "రైఫిల్ గుండుని నెమ్మదిగా తోసుకుంటూ పోతుంది. ఈ గసగసాలున్నాయి చూశావూ, ఇవి దభీమంటాయి. వీటిని రైఫిల్ కొలతతో పోశావనుకో, తుపాకీ ముందుకి కాదు, వెనక్కి పేలుతుంది. నీ చెంప ఎక్కడ ఉంటుంది అప్పుడు?"

కొరీన్ తెలీకుండానే చెంప తడుముకుంది. ముసలాయన కిచకిచ నవ్వాడు.

ఆ రోజు ఆయనకి పిస్తోలు పని ఉంది. శనివారం సాయంత్రం ఆయన క్లబ్బులో పాతకాలపు టోపీలు పెట్టుకుని రేకు బిళ్లల్ని కొట్టే ఆట. కొలత యంత్రం పైన ఉన్న గాజులాంటి గొట్టంలోకి గసగసాల డబ్బా పూర్తిగా వంపేశాడు. డబ్బా అడుగున రెండుసార్లు అరచేత్తో చరిచి, "ఖాళీ, పారెయ్," అన్నాడు. కొరీన్ దాన్ని చెత్తబుట్టలో వేసింది. ఆయన పిడి పైకెత్తి దించితే కింద పట్టుకున్న ఇత్తడి గొట్టంలో కొలిచినంత మందు సర్రున పడేది. పైకి, కిందికి. పైకి, కిందికి. చేతికి ఆ లయ బాగా అలవాటు. చెక్క దిమ్మెలో వరసగా నిలబెట్టిన ఇత్తడి గొట్టాల్లోకి కొరీన్ టార్చిలైటు వేసి, ఒక్కొక్కదాంట్లో మందు ఎంతవరకూ ఉందో చూసింది. అయిపోయాక మళ్లీ మొదట్నుంచి చూసింది.

"అందులో ఏమైనా పాముందా?" అన్నాడు థర్మన్. "నీ భయం చూస్తే నాక్కూడా భయమేస్తోంది. ఒక్కసారి చూడు, చాలు. నేనైతే అదీ చూడను, చప్పుడు బట్టి తెలుస్తుంది."

కొరీన్ స్కూలు బస్సు తియ్యాల్సిన వేళయింది. ఆవిడ వెళ్లేసరికి దిమ్మెలో ఇంకా ఒక వరస ఖాళీగానే ఉంది. యంత్రం గొట్టంలో రెండు వేళ్ల ఎత్తున గసగసాలు మిగిలి ఉన్నాయి.

*

శనివారం మధ్యాహ్నం డెల్ కొండకి బయల్దేరుతూ నాన్న ఇంటి ముందు ట్రక్కు ఆపాడు. థర్మన్ ఒక ఎర్ర డబ్బా తెచ్చి కిటికీలోంచి అందించాడు. అందులో ఇరవై తూటాలు, ముక్కులు పైకి పెట్టి నిలబడి ఉన్నాయి.

"పొద్దున్నే నింపాను. వేడి వేడివి."

"నువ్వు ఉన్నావు కాబట్టి సరిపోయింది నాన్నా, కొట్లో ఒక్కటీ లేదు." డెల్ గుమ్మం దగ్గర నిలబడ్డ పెళ్లాం వైపు తిరిగి కన్ను గీటాడు. "వీటిని నువ్వు ముట్టుకోలేదుగా? వర్జిల్ అడగమన్నాడు."

"పో, పోయి ఎల్క్ దుప్పిని కొట్టుకురా. నీ నోటికి చలి తగలకుండా మూసుకో," అంది కొరీన్. నవ్వుతూనే అంది కానీ లోపల గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున్న ఆవిడ గరాజుకి వచ్చేసరికి థర్మన్ కాళ్లు చాపుకుని పేపరు పట్టుకుని ఉన్నాడు, చదువుతున్నాడో లేదో తెలీదు. "ఇవాళ నీ తూటాలు నువ్వే నింపు. ముందు యంత్రం గొట్టంలో నిన్నటిది ఉంది, రైఫిల్ మందు. తీసి డబ్బాలో పోసి శుభ్రం చెయ్యి. అక్కణ్ణుంచి మొదలెడదాం," అన్నాడు.

నిన్నటిది ఉంచేశారా అని అడగబోయి ఊరుకుంది. గొట్టం విప్పి, తొందరపడి డబ్బాలో పొయ్యకుండా, శుక్రవారం ఆయన చూపించినట్టే తెల్ల కాగితం మీద వంచింది. పుల్లలు రాలాయి. కుప్పగా, నల్లగా, అన్నీ పుల్లలే. గొట్టం తట్టింది. గోడకి అంటుకున్న నలుసులు నాలుగైదు రాలి పుల్లల పక్కన పడ్డాయి.

గుండ్రంగా ఉన్నాయి.

కొరీన్ వంగి చూసింది. వేలితో ఒకదాన్ని పక్కకి నెట్టింది. గసగసాలే.

"మామయ్యా, శుక్రవారం పిస్తోలు మందు మిగిలింది కదా. దాన్ని తీశారా?"

"తీయకపోవడమేంటి? తీశాను."

"డబ్బాలో పోశారా?"

"ఎక్కడ పోస్తానే మరి, నెత్తి మీదా?"

ఆవిడ లేచి చెత్తబుట్ట దగ్గరికి వెళ్లింది. తను పారేసిన డబ్బా పైనే ఉంది. మూత తీసి తలకిందులు చేసింది, ఒక్క గింజ రాల్లేదు. అల్మరా చూసింది. పిస్తోలు మందుకి ఇంకో డబ్బా లేదు. అప్పుడు కిటికీ దగ్గరున్న చెక్క దిమ్మె వైపు చూసింది. శుక్రవారం తను వదిలి వెళ్లిన ఆ వరస గొట్టాలు ఇంకా ఖాళీగానే, నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి.

ఆయన శుక్రవారం మిగిలినవి నింపలేదు, మిగిలిన మందు తియ్యలేదు. శనివారం పొద్దున్న అదే గొట్టంలో పైనుంచి రైఫిల్ మందు పోశాడు. పిడి ఎత్తితే ముందు పడేది అడుగున ఉన్నది. ఆ గసగసాలు ఎటుపోయాయంటే డెల్ ఎర్ర డబ్బాలోకి పోయాయి. మొదటి రెండో మూడో తూటాల్లో. రైఫిల్ కొలతతో.

 కొరీన్ ఖాళీ డబ్బా పట్టుకునే ఆయన దగ్గరికి వచ్చింది.

"మామయ్యా, డెల్ తూటాలు…"

అంతా చెప్పింది. గబగబా, తడబడుతూ, ఖాళీ డబ్బా చూపిస్తూ, దిమ్మె చూపిస్తూ చెప్పింది. థర్మన్ విన్నాడు. ఆయన మొహం మొదట తెల్లబడింది, ఆ తర్వాత ఎర్రబడింది.

"నలభై ఏళ్లు," అన్నాడు. "నువ్వు పుట్టకముందు నుంచి నింపుతున్నాను. రెండు వారాలు గొట్టాలు కడిగి నాకు పాఠాలు చెప్పడానికి వచ్చావా? ఆ నాలుగు నలుసులూ ఎప్పుడూ గోడకి అంటుకునే ఉంటాయి. మిగిలింది తీశాను. తీశాననే నాకు గుర్తు."

"ఎందులో పోశారు మరి?"

"ఎందులోనో పోశాను! నీ పిరికితనంతో చంపుతున్నావు. టార్చిలైటు వేసి వేసి నీకు ఎక్కడ చూసినా దయ్యాలే కనబడుతున్నాయి." ఆయన విసురుగా లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి టీవీలో ఫుట్‌బాల్ గోల వినబడింది.

ఆవిడ ఫోను చేసింది. కొండమీద ఫోను పలకదని తెలిసీ చేసింది. మళ్లీ చేసింది. నేనే పొరబడ్డానేమో అని ఒక్క క్షణం అనిపించింది. నిన్నగాక మొన్న నేర్చుకోవడం మొదలెట్టింది, భయస్తురాలని పేరు. ఏమీ లేకపోతే ఊరంతా ఏడాదిపాటు నవ్వుకుంటారు. ఆ ఆలోచన వచ్చినందుకే తనమీద తనకి రోత పుట్టింది. మామగారి ట్రక్కు తాళాలు తీసుకుని పరిగెత్తింది.

*

దారి పొడుగునా మంచు. పైనున్న అడవి రోడ్డు మీద చక్రాల జాడలు రెండు తప్ప ఏమీ లేవు. బస్సు నడిపే చేతులు కాబట్టి స్టీరింగు నిలిచింది, లేకపోతే మొదటి మలుపులోనే లోయలో ఉండేది.

కిటికీ అద్దం దించి నడిపింది. చలి మొహాన్ని కోస్తున్నా దించే ఉంచింది. ఎక్కడో ఎడమ వైపు కొండ మీద తుపాకీ పేలింది. కొరీన్ బ్రేకు తొక్కి బండి ఆపి చెవులు రిక్కించింది. రెండో చప్పుడు రాలేదు. అది డెల్‌దా? మామూలుగా పేలిందా, వెనక్కి పేలిందా? చప్పుడు బట్టి తెలుస్తుందన్నాడు ముసలాయన. ఆవిడకి తెలియలేదు. ఎల్క్ పడి డెల్ నవ్వుతూ కత్తి తీస్తున్నాడో, మంచులో మొహం పట్టుకుని పడి ఉన్నాడో తెలుసుకునే దారి లేదు. "దేవుడా, దేవుడా" అని పైకే అంటూ మళ్లీ గేరు వేసింది. నోట్లోంచి ఆ మాట తప్ప ఇంకేం రాలేదు.

డెల్ వాళ్ల గుడారం కనబడేంత దూరం వచ్చాక హారన్ మీద చెయ్యి పెట్టి ఇంక తియ్యలేదు. వేట కొండ మీద హారన్ కొట్టేవాణ్ణి ఆ లోయలో మనిషిగా చూడరు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. కొడుతూనే ఉంది. పైనున్న చెట్లలోంచి పక్షులు లేచాయి. ఏదో బరువైనది కొమ్మలు విరుచుకుంటూ పరిగెత్తిన చప్పుడైంది.

చెట్ల మధ్యనుంచి వేటగాళ్ల నారింజ రంగు కోట్లు రెండు దిగుతూ కనబడ్డాయి. వెనకున్నది వర్జిల్. ముందున్నది డెల్. రెండు కాళ్ల మీద నడుస్తున్నాడు. మొహానికి మొహం ఉంది. కొరీన్‌కి ఏడుపొచ్చింది.

"నీకు మతి పోయిందా?" దూరం నుంచే అరిచాడు డెల్. "మగది! ఈ ఏడాదంతా చూడనంత కొమ్ములు! గురిలో ఉందే, వేలు ట్రిగ్గర్ మీద ఉంది! ఎవరైనా పోయారా? పిల్లలకేమైనా అయిందా?"

"ఎవరికీ ఏం కాలేదు. మామయ్య తూటాలు పేల్చకు. వాటిలో పిస్తోలు మందు పడింది. తుపాకీ ఖాళీ చెయ్యి, డెల్."

డెల్ వర్జిల్ వైపు చూశాడు. వర్జిల్ గడ్డం గోక్కున్నాడు.

"నాన్న చెప్పాడా?"

"లేదు, నేను చూశాను. గొట్టంలో గింజలు ఉన్నాయి, డబ్బా ఖాళీగా ఉంది…"

"నాన్న ఏమన్నాడు?"

"తప్పు జరగలేదన్నారు."

"మరింకేంటి?" డెల్ రైఫిల్‌ని భుజం మీదికి మార్చుకున్నాడు. ఖాళీ చెయ్యలేదు. "నాన్న నింపానంటే నింపినట్టే. నువ్వు నాలుగు గింజలు చూసి ఇంత దూరం హారన్ కొట్టుకుంటూ వచ్చావా?"

"థర్మన్ చెయ్యి తప్పడం నా జన్మలో చూళ్లేదమ్మా," అన్నాడు వర్జిల్, చిన్నపిల్లకి చెప్పినట్టు. "భయం ఉండాల్సిందే, కాదనను. కానీ మరీ ఇంతా? ఇంటికెళ్లి వేడిగా ఏదైనా తాగు. పద డెల్, అది ఇంకా దూరం పోయుండదు, వాగు దాటకముందే పట్టుకోవచ్చు."

వాళ్లు వెనక్కి తిరిగారు. నిజంగానే తిరిగారు. డెల్ బొటనవేలితో రైఫిల్ మీది సేఫ్టీ మీటని సర్దుకోవడం కొరీన్ చూసింది. చెప్పడానికి ఇంక ఏ రుజువూ లేదు. అన్నీ చెప్పింది. అవన్నీ ఒక పక్క, థర్మన్ పేరు ఒక పక్క.

"నేను నింపాను," అంది.

ఇద్దరూ ఆగారు.

"ఏంటీ?"

"అవి నేను నింపాను. మామయ్య నిద్రపోతుంటే. చేసి చూద్దామనిపించింది. ఏ మందు పోశానో నాకే తెలీదు." "ఆయనకి తెలీదు. తనే నింపాననుకుంటున్నారు."

వర్జిల్ ఒక్క గెంతులో పక్కకి జరిగాడు, డెల్ చేతిలో ఉన్నది తుపాకీ కాదు పాము అన్నట్టు. డెల్ మొహంలో రక్తం లేదు. రైఫిల్ గొట్టాన్ని నేలకేసి, ఊపిరి బిగబట్టి, బోల్టుని అంగుళం అంగుళంగా వెనక్కి లాగాడు. గొట్టంలో ఉన్న తూటా జారి మంచులో పడింది. తర్వాత అడుగున ఉన్న నాలుగూ తీశాడు. వాటిని కిందికి విసిరిన తీరు చూస్తే చేతికి నిప్పు అంటుకున్నట్టుంది.

కొరీన్ మోకాళ్ల మీద కూర్చుని వాటిని ఏరుకుంది. మొదట పడినదాన్ని చొక్కా జేబులో విడిగా పెట్టుకుంది.

"నా చెంప దాని మీద ఉంది," అన్నాడు డెల్. మెల్లగానే అన్నాడు, ఆ తర్వాతే గొంతు లేచింది. "నా చెంప ఉందే దాని మీద! ఆట అనుకున్నావా? ఇంకోసారి ఆ బల్ల ముట్టుకున్నావంటే చేతులు విరిచేస్తాను. నీ తుపాకీ అమ్మేస్తాను, విన్నావా?"

"వారంలో రెండోసారి," అన్నాడు వర్జిల్, ఎక్కడో చూస్తూ. "మొన్న నేను, ఇవాళ మొగుడు."

కొరీన్ ఎర్ర డబ్బా అడిగి తీసుకుంది. ఇరవై సరిగ్గా ఉన్నాయని చూసుకుంది. దిగేటప్పుడు అద్దం మూసింది. ఎక్కడ ఏ తుపాకీ పేలినా ఇంక తనకి సంబంధం లేదు. అవమానం సంగతి ఇల్లు చేరాక చూసుకోవచ్చు.

*

థర్మన్ గరాజులోనే ఉన్నాడు. టీవీ ఆగిపోయింది. బల్ల ముందు స్టూలు మీద, ఆ ఖాళీ గొట్టాల వరస వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఎర్ర డబ్బా బల్ల మీద పెట్టింది. గుండు ఊడదీసే ప్లాస్టిక్ సుత్తి మేకు నుంచి తీసి, తూటాని దాని తలలో బిగించి ఆయనకి ఇచ్చింది.

"చూద్దాం," అన్నాడు. "చూశాక నువ్వు నాకు క్షమాపణ చెబుతావు."

చెక్క మొద్దు మీద సుత్తి దెబ్బ, రెండో దెబ్బ. గుండు ఊడింది. ఆయన మందుని పింగాణీ పళ్లెంలో వంచాడు. పుల్లలు. ఇంకోటి. పుల్లలు. డబ్బాలోవి ఒకటొకటే విప్పుతూ పోయాడు. అన్నీ పుల్లలే. కొరీన్ మిగిలినవి లెక్కపెట్టుకుంది. ఒకవేళ అన్నీ ఇలాగే ఉంటే?

"చెప్పానా?" అన్నాడాయన, ఒక్కోసారి కొంచెం గట్టిగా కొడుతూ. "చెప్పానా లేదా? ఇంత మాత్రం దానికి కొండెక్కి నా పరువు తీశావు. ఏం చెప్పావు వాళ్లకి?"

ఆవిడ డెల్ రైఫిల్ నుంచి దించిన నాలుగిట్లో మొదటిది అందించింది. ఆయన కొట్టాడు, వంచాడు, పళ్లెం కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇదీ బాగానే ఉంది," అని, పళ్లెంలోది రైఫిల్ మందు డబ్బాలోకి ఒంపబోయాడు.

పళ్లెంలో సగానికి సగం గసగసాలు.

కొరీన్ ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన మొహం చూస్తే తెలిసింది. ఆయనకి నిజంగానే బాగానే కనబడుతోంది. నల్లగా ఏదో ఉంది, అంతే. మొన్న గుండుని కళ్లకి అంత దగ్గరగా ఎందుకు తెచ్చుకున్నాడో, టార్చిలైటు అంటే ఎందుకు అంత వెటకారమో, ఇప్పుడు ఆవిడకి ఒక్కసారిగా అర్థమై, కోపం రావలసిన చోట ఇంకేదో వచ్చింది.

"ముట్టుకుని చూడండి మామయ్యా," అంది మెల్లగా.

ఆయన చూపుడువేలు పళ్లెంలో పెట్టాడు. బొటనవేలితో కలిపి నలిపాడు. చాలాసేపు నలిపాడు. వేళ్లకి అబద్ధం తెలీదు, నలభై ఏళ్ల వేళ్లు.

మిగతా మూడు పుల్లలే. ఆవిడ జేబులోంచి చివరిది తీసి సుత్తిలో బిగించింది. ఈసారి ఆయన పళ్లెంలో కాకుండా అరచేతిలో వంచుకున్నాడు. కళ్ల దగ్గరికి తెచ్చుకోనే లేదు. రెండో చేత్తో తడిమాడు. ఒక్క పుల్ల లేదు.

"ఇది ఏ వరసలోది?" అడిగాడు.

"వరసలోది కాదు. డెల్ తుపాకీలో, గొట్టంలో ఉంది. మగ దుప్పి మీద గురి పెట్టి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టుకుని ఉన్నాడట. అప్పుడు నా హారన్‌కి అది పారిపోయింది."

ఆయన ఆ చేతిని అలాగే చాపుకుని కూర్చున్నాడు.

బయట ట్రక్కు ఆగింది. తలుపు దభాలున పడింది. కొండ మీద పేల్చడానికి ఒక్క తూటా కూడా మిగలక డెల్ దిగి వచ్చేశాడు. గరాజులోకి వస్తూనే పెళ్లాన్ని బల్ల దగ్గర చూసి భగ్గుమన్నాడు.

"మళ్లీ ఇక్కడే కూర్చున్నావా? నాన్నా, దీన్ని ఎందుకు రానిచ్చావు? ఏం చేసిందో తెలుసా నీకు? నువ్వు నిద్రపోతుంటే…"

"నేను నిద్రపోలేదు," అన్నాడు థర్మన్. "ఇటు రా. చెయ్యి పట్టు."

డెల్ అర్థం కాక చెయ్యి చాపాడు. ముసలాయన తన అరచేతిలోని మందుని కొడుకు అరచేతిలోకి వంచాడు, ఒక్క గింజ కూడా కింద పడకుండా.

"ఇది నీ గొట్టంలో ఉన్నది. నింపింది నేను. నాకు కనబడ్డంలేదు రా. చాలా రోజులైంది కనబడక. వర్జిల్‌ది కూడా నాదే."

డెల్ గింజల్ని చూశాడు. వాటిని గుర్తుపట్టడానికి అతనికి టార్చిలైటు అక్కర్లేదు. నాన్న వైపు చూశాడు, చూడలేక పెళ్లాం వైపు తిరిగాడు.

"మరి నువ్వే నింపానని ఎందుకు చెప్పావు?"

కొరీన్ బల్ల మీది ఇత్తడి గొట్టాల్ని ఒక్కొక్కటిగా దిమ్మెలో నిలబెడుతోంది.

"మామయ్య నింపారంటే పేల్చడానికి వెళ్లిపోతున్నావు," అంది. "నేను నింపానంటేనే కదా దించావు."

డెల్ ఆ చేతిని ముడవనూ లేకపోయాడు, దులపనూ లేకపోయాడు.